అరువిచ్చిన గాలి

మా మరిది చెరువులో చేపలు ఏపుగా ఎదిగాయి. మా ఆయనకి కడుపుమంట. పొద్దున్నే ఒక మూటెడు విషపు మొక్క వేళ్ల పొడి తీసుకెళ్లి అందులో కలిపేసి వచ్చాడు. తాపీగా కాళ్లు కడుక్కుని నన్ను కాఫీ అడిగాడు.

కాసేపటికే చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. మరిది లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, మబ్బు పట్టిందిగా, నీళ్లలో గాలి చాలట్లేదు!"

గాలికేం కొదవలేదు. ఆ పొడి ఒంట్లోకి వెళ్తే, పీల్చిన గాలితో శక్తి తయారుచేసుకునే పని కణాల్లోనే ఆగిపోతుంది. ఇక ఎంత గాలి కొట్టినా దండగే. అమ్మినవాడు ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాడు.

అయినా నలుగురూ చూస్తున్నారని మహానుభావుడికి మంచితనం పొంగుకొచ్చింది. మా చెరువులో గాలి కొట్టే ఏరేటర్లన్నీ ఊడబీకించి తమ్ముడి చెరువులో పెట్టించాడు. "నా తమ్ముడి కంటే ఎక్కువా?" అంటూ కళ్లు కూడా తుడుచుకున్నాడు. చూసినవాళ్లంతా దేవుడన్నారు.

మధ్యాహ్నమైనా మబ్బు వీడలేదు. మా చెరువులో నిజంగానే గాలి అయిపోయి మా చేపలూ పైకొచ్చాయి.

మరిది అందరి ముందూ ఆయన్ని వాటేసుకుని బావురుమన్నాడు. "ఇంకా నాలుగు ప్రాణంతో కొట్టుకుంటున్నాయి అన్నయ్యా. సాయంత్రం దాకా మిషన్లు ఉంచుకోనా?"

కాదంటే పొద్దుట్నుంచీ కూడబెట్టిన మంచితనమంతా గంగపాలు. ఆయన మా చెరువు వంక ఓసారి చూశాడు.

"ఉంచుకోరా."

మా చేపల నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆయన నోరూ అంతే. నేను మాత్రం, పొద్దున్న మూసుకున్నట్టే, నా నోరు మూసుకున్నాను.