సోమమ్మ చదివిన కథ

ఎండుటాకుల చప్పుడు.

గరగర... గరగర...

యూనివర్సిటీ రోడ్డు పొడుగునా గాలి ఆకులను ఈడ్చుకుపోతోంది. మార్చి గాలి. అప్పుడే వేడెక్కిన గాలి.

ఆ ఆకులు తొక్కుకుంటూ సోమమ్మ ఇంటికి నడుస్తోంది.

లేడీస్ హాస్టల్ వంటింట్లో ఆమె పని. తెల్లారకముందే వెళ్తుంది. పొద్దు వాలేదాకా కాళ్ల మీదే ఉంటుంది. చేతులకు ఉల్లిగడ్డ వాసన, కొంగుకు గంజి వాసన. పిక్కల్లో నొప్పి... అది ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేని నొప్పి.

తార్నాక చౌరస్తా దాటాలి. బస్సుల పొగ దాటాలి. లాలాపేట్ దారి పట్టాలి. ఇల్లు చేరాలి.

చేరగానే పడుకోవాలని ఉంటుంది.

కానీ చదువు ఉంది.

ఇవాళ ఒక్కనాటికి వద్దంటే బాగుండు — అనుకుంటుంది. రోజూ అనుకుంటుంది.

*

ఆమె మొగుడు ఇన్నయ్య క్యాంపస్‌లో తోటమాలి. ఏడో తరగతి దాకా చదివాడు. గొంతు మాత్రం పెద్ద చదువులు చదివినవాడి గొంతు. పొద్దున తార్నాక చాయ్ హోటల్లో పేపరు ఆయన చేతికే ఇచ్చేవారు. ఆయన పైకి చదివేవాడు. చాయ్ తాగేవాళ్లు, తాగడం అయిపోయినవాళ్లు, అందరూ వినేవారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే.

ఆ గొంతు చూసుకుని సోమమ్మ లోలోపల గర్వపడేది. ఎప్పుడూ చెప్పలేదు.

దసరా ముందు ఒకనాడు, పూలమొక్కలకు నీళ్లు పెడుతూ, పైపు చేతిలో ఉండగానే కూలిపోయాడు.

పక్షవాతం.

కాలు కొంచెం వచ్చింది. చెయ్యి కొంచెం వచ్చింది. మాట రాలేదు.

రాకపోవడం కాదు. వేరే మాట వచ్చేది. మంచినీళ్లు కావాలంటే "తలుపు" అనేవాడు. కూతుర్ని పిలవబోయి "గిన్నె" అనేవాడు. తప్పని ఆయనకు తెలిసేది. అనగానే తెలిసేది. కళ్లలో నీళ్లు తిరిగేవి.

కొన్నాళ్లకు ఇక అనడమే మానేశాడు.

ఇల్లు మూగబోయింది.

*

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

"మందులతో సగమే అయితదమ్మా. మిగతా సగం మీ ఇంట్లనే ఉన్నది. రోజూ ముగ్గురూ ఒక్కచోట కూసోండి. పైకి చదవండి. ఒక్క పేజీ అయినా సరే. ఒక్కరోజు కూడా మానొద్దు."

"నాకు సదువు రాదమ్మా," అంది సోమమ్మ.

"వినుడు వస్తది గదా. పక్కన కూసో. చాలు."

వినడానికి కూడా ఒంట్లో బలం ఉండాలని డాక్టరమ్మకు ఎవరు చెప్పాలి?

*

నిరోష తొమ్మిదో తరగతి. ఒక్కతే కూతురు. బడి నుంచి ఒక కథల పుస్తకం తెచ్చింది. పలచటి పుస్తకం. కుమ్మరి, కుమ్మరి భార్య, వాళ్ల గాడిద. కుండలు మోసుకుని ఊరూరూ తిరిగే గాడిద. ఒకనాడు అది తప్పిపోతుంది. ఇద్దరూ వెతుక్కుంటూ వెళ్తారు.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ చాప మీద కూర్చునేవారు. బయట వేపచెట్టు ఆకులు రేకుల కప్పు మీద రాలేవి. టప్... టప్... పక్కింటి టీవీలో వార్తలు. ఒక్కోసారి కరెంటు పోయేది. కందిలి వెలిగించేవారు.

నిరోష చదివేది. "కుమ్మరి గాడిద మీద కుండలు కట్టాడు. భార్య ముందు నడిచింది..."

ఇన్నయ్య గోడవైపు చూసేవాడు.

సోమమ్మ కునికేది.

నిరోష చదివేది. గొంతు ఎండిపోయేది. రేపు లెక్కల పరీక్ష అని గుర్తొచ్చేది. అయినా చదివేది.

అదే కథ. మళ్లీ అదే కథ. కొత్త పుస్తకం తెస్తే ఆయనకు అందడం లేదు. పాతదే నయం.

ఒకనాడు ఇన్నయ్య బాగున్న చేత్తో పుస్తకాన్ని తోసేశాడు. అది వెళ్లి గడప దగ్గర పడింది.

పిల్లల కథ! చర్చిలో వాక్యం చదివిన మనిషికి గాడిద కథ! ఆయన అనలేదు. ముఖం అంది.

నిరోష ఏడ్చింది. "నాకు శాతకాదమ్మా. నాయిన వినడు. నువ్వు నిద్రపోతవ్. నేనెవరికి సదువాలె?"

సోమమ్మ లేచి పుస్తకం తీసింది. కొంగుతో తుడిచింది. గూట్లో పెట్టింది.

మర్నాడు మళ్లీ తీసింది.

ఎందుకో ఆమెకే తెలియదు. నమ్మకమా... కాదు. అలవాటా... అదీ కాదు. మానేస్తే ఇక ఆ ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రిదాకా ఒక్క మాటా ఉండదు. అంతే.

*

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గరపడింది. నిరోష పాటల సాధనకని చర్చికి పోయింది. "నేనొచ్చినంక సదువుత," అని చెప్పి పోయింది.

సోమమ్మ ఇల్లు చేరేసరికి ఆ ఇంట్లో ఇన్నయ్య ఒక్కడే. చాప పరుచుకుని కూర్చున్నాడు. ఒంటిచేత్తో పరుచుకున్నాడు. ఒక మూల మడతపడే ఉంది.

ఆమె చెప్పులు విడిచి, చీర కూడా మార్చకుండా పక్కన కూలబడింది. వీపు గోడకు ఆనించింది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఇవాళ పిల్ల లేదు. ఇవాళ వద్దు...

ఆయన గూటివైపు చూశాడు.

ఆమె లేచింది. పుస్తకం తెచ్చింది. ఒళ్లో తెరిచింది. అక్షరాలు... చీమల బారులా అక్షరాలు. ఒక్కటీ తెలియదు. కథ మాత్రం గుర్తుంది, నిద్రలో విన్నంత మేరకు.

"కుమ్మరాయన," అని మొదలుపెట్టింది. "కుమ్మరాయన పెండ్లాం పొద్దుగాల్ల లేస్తది. చీకట్లనే లేస్తది. పనికి పోతది. మస్తు కుండలు. మోసి మోసి నడుం పడిపోతది."

ఇన్నయ్య తల తిప్పాడు.

"పొద్దుమీకి ఇంటికొస్తది. కాళ్లు గుంజుతుంటయి. తిన్నవా అని అడిగేటోడు లేడు. గాడిద లేదు, గీడిద లేదు. మొగడు ఇంట్లనే ఉంటడు. పలుకడు. గోడ దిక్కే చూస్తడు. ఆమెతోని ఆయనకు మాటే లేదు. గంతే. కత అయిపోయింది."

పుస్తకం మూయబోయింది.

ఆయన చెయ్యి పేజీ మీద పడింది.

నోరు కదిలింది. పెదవులు ఒక పక్కకు లాక్కుపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. ఏదో పెకిలించినట్టు, ఎక్కడో లోపలి నుంచి...

"కా... కాదు."

సోమమ్మ ఆయనవైపు తిరిగింది.

"ఏమన్నవ్?"

"కాదు." వేలితో పేజీ మీద కొట్టాడు. "కాదు. కాదు."

తలుపు కాదు. గిన్నె కాదు. సరైన మాట. సరైన చోట పడిన మాట.

ఆమె లేచి గంతులెయ్యాలి. ఇరుగుపొరుగును పిలవాలి. దేవునికి మొక్కాలి. అవేవీ చెయ్యలేదు. ఎన్నో నెలల అలసట ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది.

"ఏంది కాదు? గట్లనే ఉన్నది!" అని అరిచింది.

"కాదు!"

"మరి ఎట్లున్నదో నువ్వు జెప్పు!"

ఆయన చెప్పలేడు. చెప్పాలని చూశాడు. ఒకటే మాట వచ్చింది, మళ్లీ మళ్లీ అదే వచ్చింది. ఆమె కథలో తప్పు పట్టాడో, మొగుడికి ఆమెతో మాటే లేదన్నది కాదన్నాడో... ఆమె అడగలేదు. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ వాసన వేసే చేతిని, వదలకుండా.

నిరోష సందు మొదట్లోనే అమ్మ అరుపు విని పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆగింది.

"అమ్మా... ఎవలతోని కొట్లాడుతున్నవ్?"

"మీ నాయినతోని," అంది సోమమ్మ. ఏడుస్తోంది. నవ్వుతోంది. "మీ నాయినతోనే బిడ్డా."

*

మర్నాడు ఆ మాట లేదు.

ముగ్గురూ కూర్చున్నారు. నిరోష చదివింది. ఇన్నయ్య నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఇట్లనే వస్తది, పోతది, తొందరపడొద్దు — డాక్టరమ్మ అన్నది.

పండుగ పోయింది. ఎండలు ముదిరాయి. వేపకు కొత్త చిగుళ్లు వచ్చాయి. సోమమ్మ కాళ్ల నొప్పి అలాగే ఉంది. చాప మీద కూర్చోగానే ఆవులింతలు వస్తూనే ఉన్నాయి.

కానీ ఇప్పుడు ఆమె కునకడం లేదు. కథ వింటుంది. నిరోష పేజీ తిప్పేలోగా ఒక చెయ్యి అడ్డం పెడుతుంది. ఇన్నయ్య ముఖంలోకి చూస్తుంది.

"గా కుమ్మరాయన పెండ్లాం," అంటుంది నెమ్మదిగా, "గాడిదను ఎన్నడో అమ్ముకున్నదట..."

తప్పు కథ. కావాలని చెప్పే తప్పు కథ.

ఆయన ఆమెవైపు తిరుగుతాడు. పెదవులు కదులుతాయి.

తల్లీ కూతుళ్లు ఎదురుచూస్తారు.