సగం మాత్ర సాక్ష్యం

భర్త పోయాక నిద్ర పట్టని ఎలీసమ్మ టీచరుకి అమలాపురం డాక్టరు నెలన్నర కిందట నిద్రమాత్రలు రాశారు. ఉపవాస ప్రార్థన నాడు, ఇక దేవుడే నిద్ర ఇస్తాడని, ఆమె వాటిని ఒక్కసారిగా పారేసింది. మూడో రోజుకే చేతులు వణికి, గుండెదడతో మంచం పట్టింది.

ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం పెద్ద మెర్సీ, "మందులు వదిలేసేరు కదండీ, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పండి టీచరుగారూ" అంది.

ఎలీసమ్మ లేచింది. "పారేయడం నా బుద్ధితక్కువండి. ఇప్పుడు డాక్టరుగారు చెప్పినట్టు సగం మాత్ర వేసుకుంటున్నాను. ఆయన చెప్పినప్పుడే ఇంకా తగ్గిస్తాను. పూర్తిగా మానేసిన రోజునే నా సాక్ష్యం. అందాకా నన్నెవరూ తొందరపెట్టొద్దు."

మెర్సీ చేతిలో పాటల పుస్తకం వణుకుతోంది.

"నా నిద్రమాత్రలు కూడా మొన్నే పారేసేనండి" అంది మెల్లగా.

"డాక్టరుగారి నంబరు నా దగ్గరుంది. బయటికి పద" అంది ఎలీసమ్మ.