అరికాలి మచ్చ

పొద్దున్నే అలికిన వంటింట్లో నేను అడుగు పెట్టిన చోటల్లా నెత్తురు మరక పడింది. మా అత్తగారు వెంకటనరసమ్మ చూసి, నేల పాడు చేశావు, మళ్ళీ అలుకు అన్నారు. అలికాను. కోతల రోజులు, పొలంలో కూలీలకు అన్నం వెళ్ళాలి.

ఆ నెత్తురు నా ఎడమ అరికాలి మచ్చది. పెళ్ళిచూపులనాడు అత్తగారు నా పాదం ఒళ్ళోకి తీసుకుని చూసి, ఇది సిరిమచ్చ అని సంబంధం ఖాయం చేశారు. అప్పుడది కందిబద్దంత ఉండేది. దెందులూరులో మా అత్తింటి కళ్ళంలో ఏటా కొత్త ధాన్యపు రాశి మీద మొదటి అడుగు నా చేత వేయించేవారు. ఆ పూట నాకు పీట వేసేవారు. మర్నాటి నుంచి ఆ ధాన్యం దంచేది నేనే.

ముప్పై దాటాక మచ్చ పెరగడం మొదలెట్టింది. ఒక పక్క అంచు తడిగుడ్డ మీద కాటుకలా పాకింది. నలుపులో నీలం, గోధుమరంగు కలిశాయి. ఆ ఏడు పంట విరగపండింది. మచ్చ పెరిగితే సిరి పెరిగినట్టేనని ఇంటిల్లిపాదీ సంతోషించారు. దురద పెడుతోంది, ఏలూరులో చూపిద్దామండీ అని మావారిని అడిగితే నవ్వారు. "లక్ష్మిని తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తారుటే ఎవరైనా?" నాకూ ఆ మాట బాగానే తోచింది. ఆ ఇంట్లో వాళ్ళు నాలో మెచ్చుకున్నది ఆ మచ్చ ఒక్కటే.

కొల్లేరు పొంగిన ఏడు ఆయన జ్వరంతో పోయారు. అంతటితో అదే మచ్చ మొగుణ్ణి మింగిన మచ్చ అయింది. ఆ కాలు నా కళ్ళబడనివ్వకు అన్నారు అత్తగారు. గుడ్డ చుట్టుకుని తిరిగాను. సిరి అన్నారు, శని అన్నారు. జబ్బేమోనని ఎవరికీ తోచలేదు. నేనూ కట్టు విప్పి చూసుకోవడం మానేశాను.

కాలు మోపలేక వంట ఆగిపోయాక మరిది గంగరాజు బండి కట్టి ఏలూరు తీసుకెళ్ళాడు. అక్కడ లేడీ డాక్టరు నా పాదం వెలుతురుకి తిప్పి చాలాసేపు చూశారు.

"పుట్టుమచ్చలు అందరికీ ఉంటాయమ్మా. ఉన్నది ఉన్నట్టుంటే భయం లేదు. పెద్దయ్యాక పెరిగినా, అంచు చెదిరినా, రంగు మారినా, నెత్తురు కారినా ఆగకుండా రావాలి. పాకడం మొదలెట్టినప్పుడే వచ్చుంటే చుట్టూ కాస్త చర్మం కోసి తీసేస్తే పోయేదేమో."

ఇప్పుడు సగం పాదం తీసెయ్యాలన్నారు. జబ్బు పైకి పాకి గజ్జల్లో బిళ్ళ కట్టింది గనక అప్పటికీ బతుకుతారని మాట ఇవ్వలేనన్నారు.

గంగరాజు అందుకున్నాడు. "తీసేశాక పొయ్యి దగ్గర కూర్చోగలదాండి?"

ఆవిడ మాత్రం, "మీరేమంటారమ్మా?" అని నన్ను అడిగారు.

ఆ కాలి గురించి నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు. ఏడుపొచ్చింది. ఎవరూ అడగకపోయినా నేనే చెప్పుకోవలసిందని, చెప్పుకోవలసిన ఏళ్ళన్నీ వెళ్ళిపోయాయని.

"తీసెయ్యండమ్మా," అన్నాను. తరవాత మరిది వైపు తిరిగాను. "నువ్వు ఇంటికెళ్ళు గంగరాజూ. ఎసరు ఎంత పెట్టాలో అత్తయ్యగార్ని అడుగు. నాకు బతకాలనుంది."