డ్రైవర్ పేరు రాసే చోటు

కట్ చేసిన రేడియం షీటులో అక్షరాల మధ్య మిగిలిపోయిన ముక్కలను పిన్నుతో ఒక్కొక్కటే పీకి పారేయడం బియ్యంలో రాళ్లేరడం లాంటి పని. ఆ ఇంట్లో రెండూ భాగ్యవే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వెనకగదిలో కంప్యూటర్ పక్కన కూర్చుని ముక్కలు పీకుతోంది.

కోరుట్లలో వాళ్ల స్టిక్కర్ల కొట్టుకు మాత్రం ‘విఠల్ ఆర్ట్స్’ అని పేరు. విఠల్ ఆమె మరిది. బొమ్మలు గీసేది భాగ్య, కొట్టులో కూర్చునేది అతను. నాలుగేళ్ల కింద బహ్రెయిన్ పోయే ముందు భర్త జలపతి చేసిన ఏర్పాటు ఇది. "కొట్ల ఆడోళ్లు కూసుంటే మంచిగుండది. నువ్వు ఇంట్ల ఉండి చేసియ్యి" అన్నాడు. ఆమె తలూపింది. అలా తలూపినందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

జలపతి అక్కడ కార్ల రేసులు జరిగే చోట, ఎండలో నడుం వంచి, దారి అంచులకు ఎరుపూ తెలుపూ రంగులు వేస్తాడు. ఫోన్లో కార్ల ఫొటోలు పంపుతాడు. భాగ్య వాటిని పెద్దవి చేసి చూస్తుంది. నిలబెట్టిన కారు కూడా ఉరుకుతున్నట్టు ఎందుకుంటుందో నాలుగేళ్లు చూసి చూసి పట్టుకుంది. చారలు ముందు లావుగా మొదలై వెనక్కి సన్నబడుతూ పోవాలి, అంతే. ఆ చారలే కోరుట్ల నుంచి మేడిపల్లి ఊరికి తిరిగే ఆటోలకు ఎక్కించింది. పదిమందిని కుక్కుకుని మూలుగుతూ పోయే ఆటోలకు కూడా రేసుబండి పొగరొచ్చింది. వాటిని చూసే, జగిత్యాలలో కార్ల షోరూం పెడుతున్న ఒకాయన తన గోడ నిండా రేసుకారు కావాలన్నాడు. పొగడ్తలన్నీ విఠల్ అందుకుని వచ్చాడు.

ఇరవై రోజులు కూర్చుని కారు బొమ్మ తయారుచేసింది. కారు తలుపు మీద షోరూం పేరు పెద్దగా వచ్చింది. కిటికీ కింద చిన్న జాగా మిగిలింది. అక్కడేముంటుందో జలపతే చెప్పాడు ఒకసారి. "పైసలు పెట్టినోని పేరు పెద్దగుంటది. నడిపెటోని పేరు కిటికి కింద చిన్నగుంటది. గా పేరు మాత్రం ఉండాల్సిందే."

విఠల్ వచ్చి చూశాడు. "గాడ ఎవడన్న ఫారినోని పేరు పెట్టు వదినా. అసల్ రేసుకారు లెక్క కొడ్తది."

భాగ్య చేతిలో పిన్ను ఆగింది. అసలు లేని డ్రైవరుకు కూడా పేరు దొరుకుతోంది. నాలుగేళ్లుగా ఈ ఇంట్లో తను వదిన, కోడలు, జలపతి భార్య. తన పేరు పెట్టి ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేసింది. కంప్యూటర్లో టైపు చేసి కట్ చేసే మిషన్‌కు పంపింది. తెల్ల రేడియంలో రెండక్షరాలు తెగి బయటికొచ్చాయి.

విఠల్ వంగి చదివాడు. "గిదేంది, నీ పేరు పెట్టినవ్?"

"నడిపెటోళ్ల పేరే గదా పెట్టేది."

"అన్న అడిగితే ఏం చెప్పాలె?"

"మీ అన్న చెప్పినట్టే పెట్టిన."

షీట్లు చుట్టి చంకన పెట్టుకుంది. బుడగ రాకుండా గోడకు అంటించడం అతనికి రాదని ఇద్దరికీ తెలుసు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"జగిత్యాల బస్సుకు పోతున్న. అన్నం ఉడికింది, గంజి వంపు."