పాత సీసా, కొత్త సీసా

నరసింగరావుకి ఏదైనా పాతబడితేనే విలువ. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం, పాత పగ. ఒక్క పెళ్ళాం విషయంలోనే ఆ లెక్క తప్పింది. చిన్నతల్లి ఆ ఇంట్లో పాతబడేకొద్దీ దెబ్బలు పెరిగాయే తప్ప విలువ పెరగలేదు.

ఆ పాత పిచ్చి ముదిరి ముదిరి చివరికి బీరు దాకా వచ్చింది. అవి మద్యనిషేధం రోజులు. పర్మిట్టున్న పెద్దమనుషులకే సీసా దక్కేది. గరివిడిలో కాపురమున్న ఒక పంజాబీ ఇంజనీరు, నరసింగరావు ఇంటి బియ్యం తిన్న స్నేహంకొద్దీ, బదిలీ మీద పోతూ ఒక పెట్టెడు నల్ల బీరు సీసాలు ఇచ్చిపోయాడు. ఇచ్చినవాడు ఊరికే పోయాడా? తమ వాళ్ళలో కొందరు ఇలాంటి బీరుని ఇంట్లోనే చీకట్లో ఏళ్ళ తరబడి దాస్తారని, ఆ తర్వాత అదే రకం కొత్త సీసా తెచ్చి, పక్కపక్కన పోసుకుని రుచి చూస్తారని కూడా చెప్పిపోయాడు. ఇంకేం కావాలి మన మహానుభావుడికి! సీసాలన్నీ పట్టుకెళ్ళి చీకటి కొట్లో గాదెలో, ధాన్యంలోకి మెడదాకా దింపేశాడు. ధాన్యం అయితే వేడీ చలీ సమంగా ఉంచుతుంది, పైగా పోలీసుల కంట పడదు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. గరివిడి బజారులో జగన్నాధం అని ఒక కోమటి ఉన్నాడు, కిరాణా కొట్టు, ధాన్యం బేరం. మాట మెత్తన, నవ్వు పదును. వాడి కొట్టు అరుగు మీద కూర్చుని నరసింగరావు సీసాల సంగతి గొప్పగా చెప్పాడు. జగన్నాధం విరగబడి నవ్వాడు.

"బీరుని ఆవకాయలాగ దాస్తావేటి నరసింగరావూ? పాసిపోతాది. పందికి పోసినా తాగదు."

"రెండేళ్ళు పోనీ. కొత్త సీసా నువ్వే తేరా. రెండూ పక్కపక్కనెట్టి నీ నోట్లోనే పోస్తాను. పాతది బాగోలేదని నువ్వంటే, ఈ మీసం గొరిగించుకుని నీ కొట్టు ముందు కూకుంటాను."

బజారంతా విన్నది. ఇక అది బీరు కాదు, మీసం అయింది. ఆ రోజు నుంచి ఆ చీకటి కొట్టు వైపు ఎవరు గట్టిగా అడుగు వేసినా నరసింగరావు ఎద్దుల్ని తోలే ములుకోల అందుకునేవాడు.

చిన్నతల్లికి ఆ సీసాల మీద ఆశ లేదు, కోపం లేదు. ఆమె దిగులంతా తమ్ముడి గురించే. భావనపాడు దగ్గర ఊళ్ళో గాలివానకి ఇల్లు కూలి అమ్మా నాన్నా పోయాక, కూర్మయ్యని చంకనెత్తుకుని పెంచింది ఆమే. పెళ్ళయ్యాక వెంటబెట్టుకొచ్చింది కూడా. ఇప్పుడు ఇరవై దాటిన మనిషి. బావ పొలం దున్నుతాడు, గొడ్ల పని చూస్తాడు, రాత్రి గాదె పక్కన పడుకుంటాడు. అప్పా అని పిలుచుకునే అక్క ఒంటి మీద వాతలు చూసినప్పుడల్లా వాడి దవడలు బిగుసుకునేవి. ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పేది.

"ఒరే తమ్ముడా, నన్ను కొడితే రెండు రోజులు నొప్పెడతాది, పోతాది. నువ్వు అడ్డమొస్తే నిన్ను సంపీస్తాడు. నువ్వు పోతే నాకెవుళ్ళున్నారురా?"

వాడు లేచి పెరట్లోకి వెళ్ళి కట్టెలు చీల్చేవాడు, అవసరం లేని కట్టెలు కూడా.

మొదటి ఎండాకాలం ఎలాగో గడిచింది. రెండో ఎండాకాలం రోహిణి కార్తెలో, రేకులు కాలిపోతున్న మధ్యాహ్నం, గాదెలో ఢామ్మని పేలింది ఒక సీసా. గాజు ముక్కలు ధాన్యంలో కలిసిపోయాయి. నరసింగరావు వచ్చి చూసి, నువ్వు బియ్యానికి ధాన్యం తీస్తూ కదిపేశావు కాబట్టే పేలిందన్నాడు. ఆమె కాదని చెప్పేలోపే చెంప మీద పడింది. తర్వాత వీపు మీద. తర్వాత కింద పడ్డాక, కాలితో.

"ఇంకొక్క సీసా పేలిందా, నిన్ను ఆ గాదెలోనే పాతెడతాను," అన్నాడు.

ఇదిగో, ఇక్కడే వచ్చింది తంటా అంతా. చిన్నతల్లి ఆ రాత్రంతా ఆలోచించింది. ఆమెకి తెలిసింది ఆమెకి తెలుసు. పుట్టినూళ్ళో తాటికల్లు కుండకి ఎవరూ మూత బిగించరు. ఆకు ముక్కో పీచో వదులుగా కప్పి ఊరుకుంటారు. బిగిస్తే లోపల పొంగి కుండ రెండు చెక్కలవుతుంది. కల్లుకి గాలాడాలి. ఈ బీరు మాత్రం ఏమిటి, తెల్లవాళ్ళ కల్లే కదా! దీనికి ఎవడో బుద్ధిలేనివాడు రేకు మూత బిగించాడు, అందుకే పేలుతోంది. మరునాడు మొగుడు పొలానికి వెళ్ళాక ఆమె గోనెలు కుట్టే సూది, ఒక రాయి పట్టుకుని గాదెలోకి దిగింది. ఒక్కో మూత అంచున, మడత చాటున, సన్నని బెజ్జం పొడిచింది. ప్రతి సీసా సుయ్యిమని గాలి వదిలింది. ఆ చప్పుడు వింటుంటే తన గుండె మీద బరువు కూడా దిగినట్టనిపించింది ఆమెకి. మళ్ళీ మెడదాకా ధాన్యం కప్పి, బయటికొచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

పిచ్చితల్లి! సీసాలు నిజంగానే మళ్ళీ పేలలేదు.

గడువు నిండింది. జగన్నాధం ఒరిస్సా వైపు పర్లాకిమిడి నుంచి లారీవాళ్ళ చేత అదే రకం కొత్త సీసా తెప్పించి, గుడ్డసంచిలో చుట్టి, పట్టపగలు ఎండలో నవ్వుకుంటూ వచ్చాడు. పెరటి వసారాలో పీట వేశారు. వీధి తలుపు గొళ్ళెం పెట్టారు. రోటి పక్కన రోకలి, గోడకి ములుకోల, నేల మీద రెండు గాజు గ్లాసులు. నరసింగరావు చలవ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని కూర్చున్నాడు. చిన్నతల్లి వంటగది గుమ్మంలో వేయించిన సెనగపప్పు పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమెకీ లోపల చిన్న ఆశ. బాగుండాలి దేవుడా, ఇంట్లో నాలుగు రోజులు శాంతి ఉంటుంది.

కొత్త సీసా మూత లేపితే నురగ గ్లాసు దాటి పీట మీద పడింది. జగన్నాధం గుటక వేసి పెదవులు తుడుచుకున్నాడు. పాత సీసా మూత లేపితే చప్పుడే లేదు. గ్లాసులోకి కుడితి నీళ్ళలాగా జారింది. నురగ లేదు. పులిసిన వాసన గుప్పుమని గుమ్మం దాకా వచ్చింది. జగన్నాధం ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని తుపుక్కున ఊశాడు.

"పచ్చడిలోకి బాగుంటాది నరసింగరావూ. మంగలికి కబురెట్టమంటావేటి?"

నరసింగరావు ఆ గ్లాసు ఎత్తి తాగాడు. ముఖం నల్లబడింది. రెండో సీసా తెరిచాడు, మూడోది తెరిచాడు. అన్నీ అంతే. మూతలు తిప్పి తిప్పి చూశాడు. అంచున బెజ్జం వేలికి తగిలింది. అప్పుడు మనిషి లేచిన తీరు చూడాలి, పీట ఎగిరి గోడకి తగిలింది.

"ఎవుడు? నా సీసాలు తాగీసి నీళ్ళు కలిపీసింది ఎవుడు? ఆ గాదె కాడ పడుకునేది ఎవుడు? ఒరే కూర్మిగా!"

కూర్మయ్య గొడ్ల సాలలో నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఏమిటని అడిగే వ్యవధి కూడా లేదు. ములుకోల మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది ముక్కు మీద. నెత్తురు గడ్డం మీద నుంచి కారింది. "నాను తాగలేదు బావా," అంటూ వాడు కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే కొట్టాడు నరసింగరావు. ఒకసారి కాదు, ఎముక పుటుక్కుమన్నా ఆగలేదు. వాడు కూలబడ్డాక ములుకోల తిరగేసి, ఎద్దుని పొడిచే మేకు వైపు తొడలో దించాడు.

చిన్నతల్లి చేతిలో పళ్ళెం జారిపోయింది. సెనగపప్పు తొక్కుకుంటూ వచ్చి మొగుడి కాళ్ళ మీద పడింది.

"వాడు కాదు మావా, నానే! గోనె సూదితో నానే పొడిసీసినాను. గాలాడకపోతే పేలతాయని పొడిసినాను. వాడికేటీ తెల్దు. నీ కాళ్ళు మొక్కుతాను, నన్ను కొట్టు!"

నరసింగరావు కాళ్ళ మీద పడిన ఆమె వైపు చూశాడు. చూసి, నవ్వాడు.

"నువ్వా? నా వస్తువు ముట్టుకునే గుండె నీకుందేటే? తమ్ముడి కోసం అబద్ధాలాడతన్నావు. తప్పుకో."

"ఒట్టు మావా, సూది తెచ్చి సూపిస్తాను."

"తమ్ముడంటే అంత పేమ మరి," అన్నాడు జగన్నాధం సన్నగా. అన్నాడు గానీ, నేల మీద పారుతున్న నెత్తురు తన చెప్పుల దాకా వచ్చేసరికి వాడి నవ్వు చచ్చిపోయింది. దొంగ బీరు తెచ్చినవాడు, కొట్లాట జరిగిన ఇంట్లో దొరికితే కేసు తన మెడకి కూడా చుట్టుకుంటుంది. కొత్త సీసా చంకన పెట్టుకుని, పెరటి తడిక తోసుకుని, పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. ఆపుతాడనుకున్నారా? అటువంటి వాళ్ళు ఆపరు.

సాక్షి పోయేసరికి నరసింగరావుకి అడ్డే లేకపోయింది. కూర్మయ్య డొక్కలో తన్నుతూనే ఉన్నాడు. వాడి కళ్ళు తేలిపోతున్నాయి. నిజం చెప్పినా నమ్మడం లేదు, కాళ్ళు పట్టుకున్నా ఆగడం లేదు. ఇంకో నాలుగు తన్నులు పడితే తమ్ముడు ఉండడు. చిన్నతల్లికి అది అర్థమైపోయింది. అర్థమయ్యాక భయం కూడా పోయింది. చీకటి కొట్లోకి పరుగెత్తింది. ధాన్యంలో మిగిలిన సీసాలు ఒళ్ళో వేసుకొచ్చి రోటి మీద ఒక్కొక్కటే పగలగొట్టసాగింది.

"ఇటు సూడు! ఇప్పుడు నమ్ముతావా? ఇదిగో నీ పాత బీరు! ఇదిగో నీ మీసం!"

నరసింగరావు కూర్మయ్యని వదిలేశాడు. ఆమెకి కావలసింది అదే. ములుకోల పారేసి వచ్చి, జుట్టు చేతికి మెలిపెట్టి, ముఖం రోటి మీది గాజు పెంకుల్లోకి అదిమాడు. చెంప చీరుకుపోయింది. కన్ను దగ్గర వెచ్చగా కారింది. అతను ఆ తలను లేపి మళ్ళీ అదిమాడు. ఆమె అరవలేదు. "ఎలిపోరా తమ్ముడా, ఎలిపో," అని మాత్రం అంటూ ఉంది.

తమ్ముడు వెళ్ళలేదు. పాక్కుంటూ వచ్చి, గోడ పట్టుకుని లేచి, విరగని ఎడమ చేత్తో రోకలి ఎత్తాడు. మొదటి దెబ్బకి నరసింగరావు చేతిలోంచి జుట్టు జారిపోయింది. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద పడ్డాడు. వెనక్కి తిరిగి చూసి "ఒరే" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనడానికి మూడో దెబ్బ ఆగలేదు. పులిసిన బీరులో, గాజు పెంకుల్లో, తలలోంచి నెత్తురు కారుతూ బోర్లా పడిపోయాడు. కాసేపు కాళ్ళు కొట్టుకున్నాయి. తర్వాత అవీ ఆగాయి.

కూర్మయ్య రోకలి వదల్లేక అలాగే నిలబడిపోయాడు. చిన్నతల్లి లేచింది. ముఖం మీద నెత్తురు కొంగుతో ఒత్తుకుని, వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రోకలి తీసుకుంది.

"నువ్వు పడిపోయి ఉన్నావు. నీకేటీ తెల్దు. ఇన్నావా?"

"అప్పా, కాదు..."

"నోరుముయ్యి. నిన్ను పెంచింది ఉరికంబానికి కాదు."

అప్పటికే పక్కింటి బుల్లమ్మ తడిక మీద నుంచి తల పెట్టి కెవ్వుమంది. అరగంటలో ఊరంతా పెరట్లో ఉంది. చీకటి పడకముందే చీపురుపల్లి నుంచి హెడ్డు కానిస్టేబులు సైకిలు దిగాడు. చిన్నతల్లి రోకలి ఒళ్ళో పెట్టుకుని రోటి పక్కన కూర్చుని ఉంది.

"ఎవరు చేశారు?"

"నానే బాబూ. నానే కొట్టి సంపీసినాను."

ఆయన ఆమె ముఖం చూశాడు, చీరుకుపోయిన చెంప, వాచిన కన్ను, మెడ మీద ఎప్పటివో పాత మచ్చలు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఊరి జనం మాత్రం ఆయన అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు. ఎన్నేళ్ళు ఓర్చుకుంటాది, ఎప్పటికైనా ఇలాగవుతాదని మేమనుకుంటానే ఉన్నాం, రోజూ ఆ కేకలు ఇంటానే ఉన్నాం అన్నారు. అనుకుంటూనే ఉన్నారట! వింటూనే ఉన్నారట! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఏ రోజైనా ఆ తలుపు తట్టారా?

కూర్మయ్య నులక మంచం మీద నుంచి లేవబోయాడు. "అప్ప కాదు బాబూ, నాను. నానే కొట్టినాను. దేవుడి తోడు."

"ఆ చేత్తో నువ్వేం కొడతావురా?" అన్నాడు హెడ్డు, విరిగి వేలాడుతున్న చేతి వైపు చూసి. "అక్కని కాపాడుకుందామని చూస్తున్నావు. పడుకో." చుట్టూ ఉన్నవాళ్ళు పాపం అన్నట్టు తలలూపారు.

హెడ్డు కట్టించిన ఎడ్లబండి ఎక్కేముందు చిన్నతల్లి తమ్ముడి వైపు తిరిగింది. తెరుచుకునే ఒక్క కంటితో వాడిని తల నుంచి కాళ్ళ దాకా చూసుకుంది. ఊపిరి తీస్తున్నాడు. బతికే ఉన్నాడు.

"బుల్లమ్మొదినా, ఆడికి బేగి కట్టు కట్టించండి," అని చెప్పి బండిలో కూర్చుంది.