ఇటుకను పట్టుకునే కర్ర

జబ్బు చేసి లేచాక పొయ్యిల మేస్త్రికి ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఉందంటే ఉంది, భుజానికి వేలాడుతూ. గ్లాసు పట్టుకోమంటే పట్టుకుంటుంది, కాసేపటికి తనకేమీ సంబంధం లేనట్టు వదిలేస్తుంది. రొట్టెల పొయ్యికి ఇటుకలతో గుమ్మటం కట్టేవాడికి ఎడమ చెయ్యి అంటే సగం మేస్త్రి. కుడి చేత్తో మాలు పూసి ఇటుకను వాలుగా ఆనించాక, ఆ మాలు ఆరి పట్టు బిగించేదాకా దాన్ని మోయాల్సింది ఎడమ చెయ్యే. మోయకపోతే ఇటుక జారి, ఎక్కడా చోటు లేనట్టు, మేస్త్రి కాలి మీదకే వస్తుంది.

అలాంటి మనిషి వెళ్లి రొట్టెల కొట్టు ఆవిడ పెరట్లో పొయ్యి ఒప్పుకుని వచ్చాడు. ఆవిడ మొహమాటపడలేదు. "కట్టగలిగితే కట్టు మేస్త్రీ. లేదంటే ఇప్పుడే చెప్పు, వేరేవాళ్లని పిలుచుకుంటా" అంది. "కడతా" అనేసి ఇంటికొచ్చి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ పని చెడితే మళ్లీ ఎవరూ పిలవరని అతనికి తెలుసు. కూతురికీ తెలుసు. "నేను పక్కనుండి ఇటుకలు పట్టుకుంటాలే నాన్నా" అంటే మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

"ఇంకొకరు పట్టుకుంటే తప్ప ఇటుక పెట్టలేనివాణ్ణి మేస్త్రి అంటారా?"

కూతురిది విరిగిన కుర్చీలు బాగుచేసే కొట్టు. ఆమెకో రోగముంది. ఏ వస్తువైనా ఎలా నిలబడుతుందో తెలిసేదాకా తిండి సహించదు. మంచం పట్టెమీద కూర్చుని తండ్రి వీపుని అడిగింది.

"నాన్నా, గుమ్మటంలో ఇటుకలు ఎటు చూస్తాయి?"

"ఇదేం ప్రశ్నే? లోపలికి. నేల నట్టనడుమకి."

"అన్నీనా? పై వరసలవి కూడానా?"

"అన్నీ. అక్కణ్ణించి అన్నిటికీ దూరం ఒకటే. తేడా వస్తే అది గుమ్మటం కాదు, గుమ్మడికాయ."

అన్నీ ఒక్కచోటికే చూస్తూ, ఒకే దూరంలో ఉంటే, అన్నిటికీ ఒక్క కర్ర సరిపోవాలి కదా! ఆ ఆలోచన వచ్చాక ఆమె ఇంకేమీ వినలేదు. కొట్టుకి పరిగెత్తి, ఆఫీసు కుర్చీ కాలికుండే చక్రం ఒకటి ఊడదీసింది. అందులోంచి చక్రాన్ని పీకేసి, దాన్ని అటూ ఇటూ పట్టి ఉంచే రెండు ఇనప చెవుల మధ్య కర్రను బోల్టుతో బిగించింది. ఇప్పుడు కర్ర గుండ్రంగా తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది. రెండో కొసకి ఇటుక కూర్చునేలా మడత ఇనప పట్టీ ఒకటి, ఇటుకను నొక్కిపట్టే బిగింపు ఒకటి తగిలించింది. తన తెలివికి తనే మురిసిపోతూ నాలుగుసార్లు గిరగిరా తిప్పింది కూడా.

మర్నాడు ఆ పెరట్లో మేస్త్రి ఇసక మీద ఇటుకలు పేర్చి చేసిన పొయ్యి నేల మధ్యన చిన్న పలక పరిచి, దానికి ఈ సాధనాన్ని బిగించారు. మేస్త్రి ఎడమొహం పెట్టుకునే మొదటి ఇటుకకు మాలు పూసి, కర్ర కొసన కూర్చోబెట్టి ఆనించాడు. కర్ర దాన్ని పట్టుకుని నిలబడింది. చెయ్యి తీశాడు. పడలేదు. మేస్త్రి కనుబొమలు పైకి లేచాయి, కానీ రెండో ఇటుక పెట్టగానే మళ్లీ ముడిపడ్డాయి.

"ఏమే, నా ఇటుకలు ఇలా వెల్లకిలా పడుకుంటున్నాయేంటి?"

నిజమే. లోపలి అంచు లేచి, బయటి అంచు దిగి, రెండిటికీ కళ్లు తిరిగినట్టున్నాయి. కొలత తప్పిందా? కూతురు కర్ర కొలిచి చూసింది, వెంట్రుకంత తేడా లేదు. అటు తిరిగీ ఇటు తిరిగీ చూసి, చివరికి చెంప నేలకానించి పడుకుంది. పెరటి గుమ్మంలోంచి రొట్టెల కొట్టు ఆవిడ తొంగిచూసింది. "ఏమైంది, పొయ్యిలో పిల్లి దూరిందా?"

"కర్ర కిందికి దిగుతోందండీ!" నేలమీంచే అరిచింది కూతురు. "పలక మందం, చెవుల ఎత్తు కలిసి బోల్టు నేలకి నాలుగు వేళ్ల పైన ఉంది. అక్కణ్ణించి మొదటి వరసకి కర్ర ఏటవాలుగా వస్తోంది."

"అయితే ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు మేస్త్రి. అతని గొంతులో విసుగు పోయి కుతూహలం వచ్చింది.

ఆమె నేల నడిమి ఇటుకను పెకలించింది. "నా నేల పీకుతావేంటే!" అని అతను లబలబలాడేలోగా ఆ గుంటలో ఇసక తోడి, పలకను లోపలికి దింపింది. బోల్టు నేలతో సమానమైంది. కర్ర నేలను ఆనీ ఆనకుండా తిరిగింది. రెండిటుకలనూ ఊడదీసి మళ్లీ పెడితే బుద్ధిగా నడుమకి చూస్తూ కూర్చున్నాయి.

ఆ తర్వాత మేస్త్రిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వరస మీద వరస, ఒంటిచేత్తో, తనలో తను గొణుక్కుంటూ కట్టుకుపోయాడు. కూతురు మాలు కలిపి ఇచ్చి దూరంగా కూర్చునేది. తండ్రి వీపు మళ్లీ నిటారు కావడం చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

నెత్తిన ఒక్క ఇటుక పట్టే కన్నం మిగిలింది. అక్కడ వచ్చింది చిక్కు. ఆ కన్నంలోకి కర్ర కొసే పొడుచుకొచ్చి ఉంది. అది ఉంటే ఇటుక దిగదు, తీస్తే ఇటుకను మోసేది లేదు. ఇద్దరూ కన్నం వైపు చూశారు. 'నేను పట్టుకుంటా' అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మంచం దగ్గర తిన్న చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

మేస్త్రి గడ్డం గీరుకున్నాడు. తర్వాత ఆమెవైపు చూడకుండా అన్నాడు.

"కర్ర బయటికి లాగెయ్. లాగి, నీ చెయ్యి పెట్టు."

ఆమె కర్రను విప్పి బయటికి లాగేసి, పొయ్యి నోట్లోకి తలా భుజమూ దూర్చి, చీకట్లో అరచేతిని పైకెత్తింది. చల్లటి ఇటుక వచ్చి చేతిలో కూర్చుంది. పైనుంచి అతను మాలు కూరుతూ తాపీ పిడితో కొడుతుంటే, ఒక్కో దెబ్బా ఆమె అరచేతికి తెలుస్తోంది. భుజం పీకుతోంది. కదల్లేదు.

"తియ్యనా నాన్నా?"

"అప్పుడేనా? ఉండనీ."

ఇంకో రెండు దెబ్బలు. తర్వాత తాపీ పక్కన పెట్టిన చప్పుడు.

"నొప్పెడుతోందా?" అని వినిపించింది గుమ్మటం అవతలినుంచి.

"లేదు" అంది ఆమె.

"ఎంత పీకుతుందో నాకు తెలుసులే. ఇంకొంచెంసేపు పట్టుకో."