రేకుల మీద వాన

మొదట ఒక చినుకు. టప్.

తర్వాత ఇంకోటి.

తర్వాత లెక్కే లేదు... మా రేకుల కప్పు మీద వాన విరుచుకుపడింది.

ఈ ఊళ్ళో ఇంత చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! బట్టల మిల్లు మూతపడ్డాక మాకు మిగిలింది నిశ్శబ్దమే. మరమగ్గాలు ఆడినంతకాలం మేం మాటల్ని వినలేదు— చూశాం. ఆ హోరులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కదా. పెదాలు కదిపితే చాలు, తెలిసిపోయేది. నేనూ మా ఆయనా ఎదురెదురు వరసల్లో నిలబడి సగం కాపురం అలాగే చేశాం. పోట్లాటలు కూడా. బయటికొచ్చాక కూడా ఆ హోరు చెవుల్లోనే ఉండి మా గొంతులు తగ్గేవి కావు, ఊరంతా అరుపులే.

మిల్లు మూశారు.

నాకేం, నా నోరు ఎక్కడైనా బతుకుతుంది. టైలరు కొట్లో గుండీలు కుట్టే పని చూసుకున్నాను.

ఆయనకే కలిసిరాలేదు.

మందుల షాపుకి వెళ్ళి, మగ్గం పక్కనున్నట్టే అరిచాడట— "ఏదైనా పనుందా అండీ!" అక్కడ ఎవరి చంకలోనో ఉన్న చంటిపిల్ల కెవ్వుమంది. "పనికొచ్చావా, దెబ్బలాటకొచ్చావా?" అన్నాడు షాపాయన. అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి ఆయన మాట్లాడలేదు. గొంతు తగ్గించడం చేతకాదు, పెంచాలంటే సిగ్గు. అన్నానికి పిలిస్తే తల ఊపడం, పడుకోమంటే తల ఊపడం...

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేంట్రా?" అని మా అత్త రోజూ సాధించేది.

తల ఊపేవాడు.

ఇవాళ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. భోజనాల వేళ దాటింది. రాలేదు.

పక్కింటి మేస్త్రీ కూడా ఇలాగే ఒక పొద్దున మంచి చొక్కా వేసుకుని వెళ్ళాడు. చెరువు గట్టున చెప్పులు దొరికాయి.

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"వస్తాడులేవే" అంది అత్త. అన్నదే గానీ, తనూ గుమ్మం వదల్లేదు.

అప్పుడే ఈ వాన.

వానలో... వీధి మలుపులో... ఆయన!

తడిసి ముద్దయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొస్తున్నాడు. గుమ్మంలోనే కూలబడ్డాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఎక్కడికి పోయావయ్యా ఇంతసేపూ!"

నా అరుపు నాకే వినపడలేదు.

ఆయన చూరు కింద ఆగాడు. తలెత్తి రేకుల వైపు చూశాడు. ఆ హోరును కాసేపు విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి— పెదాలు కదిపాడు.

"ఆస్పత్రి లాండ్రీలో పని దొరికిందే."

చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"పెద్ద పెద్ద మిషన్లు. ఏం చప్పుడనుకున్నావ్! అక్కడ అందరూ అరుస్తారు. నేనూ అరిచా. ఎవరూ నవ్వలేదు."

అమ్మయ్య... అమ్మయ్య...

"ఏమంటున్నాడే? నాక్కూడా చెప్పవే!" అత్త నా భుజం పట్టి కుదుపుతోంది. తనెప్పుడూ మిల్లులో పనిచేయలేదు, పాపం.

ఆయన ఆగడం లేదు. దుప్పట్లు ఎలా ఉతుకుతారో, ఎలా ఆరబెడతారో, పక్క మిషను దగ్గర మన పాత మిల్లు వాళ్ళెవరున్నారో... ఇన్నాళ్ళ మాటలూ ఒక్కసారే.

"భయపడ్డావా?" అన్నాడు మధ్యలో.

"భయమా? నాకా?" అన్నాను పెదాలతోనే. అని, భోరున ఏడ్చేశాను.

వాన సన్నబడింది.

ఆయన పెదాలు నెమ్మదించాయి. ఇంకాసేపు కురువమ్మా, నీకు పుణ్యముంటుంది... ఇంకొంచెంసేపు...

ఆగిపోయింది.

వీధంతా నిశ్శబ్దం. ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. మేమిద్దరం ఆయన నోటివైపే చూస్తున్నాం.

చూరు నుంచి ఒక చినుకు. టప్.

ఆయన గొంతు సవరించుకున్నాడు.